అందరి పెద్దలూ పలికారు, మన పెద్దలు ఎప్పుడు పలుకుతారు?



"నీ సోది ఆపురా బాబూ" అని మీరు ఎన్నిసార్లు అనుంటారు? నేను లెక్కలేనన్నిసార్లు అన్నా. కాలేజీలో అన్నా, బస్సులో అన్నా, వాట్సాప్‌లో రాశా. మా అవ్వ బతుకంతా సోది చెప్పుకునే బతికిందని, ఆ గంప బియ్యంతోనే మా నాయన పెరిగాడని తెలిసి కూడా అన్నా. పనికిరాని మాటకు మన ఎరుకలోళ్ల పని పేరు పెట్టారు. మనం కూడా అదే మాట వాడుకుంటూ తిరుగుతున్నాం.

మా అవ్వ ప్రొద్దుటూరు వీధుల్లో సోది చెప్పింది. సంకన గంప, చేతిలో కర్ర. పిలిచిన ఇంటి వాకిట్లో కూర్చునేది. లోపలికి రానిచ్చేవాళ్లు కాదులే. చేటలో బియ్యం పోయించుకుని, ఆ ఇంటామె చెయ్యి పట్టుకుని, కొల్లాపురమ్మను తలుచుకుని మొదలుపెట్టేది. కాసేపటికి ఆ ఇంట్లో పోయినోళ్లు అవ్వ నోట పలికేవాళ్లు. చిన్న వయసులో పోయిన కోడలు, భాగాలు పంచకుండా పోయిన మామ, బావిలో పడిన బిడ్డ. ఇంటామె ఏడుస్తూ అడిగేది, అవ్వ చెప్పేది. "సోదికి పోతే పాత కథలు బయటపడ్డట్టు" అని సామెత ఉంది కదా, ఊరికే పుట్టలేదు. దాచిపెట్టుకున్నవన్నీ ఆ వాకిట్లోకి వచ్చేవి.

అట్ల ఊరందరి పెద్దలూ మా అవ్వ నోట పలికారు. మా పెద్దలు మాత్రం ఎవరి నోటా పలకలేదు. ఈ మాట నాకు తట్టింది ఎక్కడో తెలుసా? ఇంగ్లీషు నవలలు చదువుతుంటే.

మేము ముగ్గురం. ప్రొద్దుటూరు నుంచి నేను, జమ్మలమడుగు నుంచి ఒక యానాది చెల్లెలు, పులివెందుల పక్క తండా నుంచి ఒక సుగాలి తమ్ముడు. డిగ్రీ అయిపోయి పోటీ పరీక్షలకు చదువుకునే రోజుల్లో కలిశాం. నెలకో ఆదివారం ఎవరో ఒకరి ఊళ్లో కూర్చుని పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. ముగ్గురికీ ఇంగ్లీషు అంతంత మాత్రమే. ఒకరు చదివొచ్చి మిగతా ఇద్దరికీ తెలుగులో చెప్పాలి. ఈ రెండేళ్లలో మేము ఎక్కువగా చదివింది ఒకే రకం నవలలు. ఒక కుటుంబం ఉంటుంది, ఆ కుటుంబంలో చనిపోయినోళ్లు ఇంకా ఇల్లు వదలరు.

మొదట చదివింది లూయిస్ ఎర్‌డ్రిక్ రాసిన 'ది నైట్ వాచ్‌మన్'. 2020లో వచ్చింది, 2021లో పులిట్జర్ బహుమతి అందుకుంది. ఎర్‌డ్రిక్ మనలాంటి మనిషే, అమెరికాలో టర్టిల్ మౌంటెన్ చిప్పెవా తెగ ఆమెది. 1953లో అమెరికా ప్రభుత్వం ఆదివాసీ తెగలతో చేసుకున్న ఒప్పందాలను పక్కన పెట్టే విధానం తెచ్చి, "మిమ్మల్ని విడుదల చేస్తున్నాం" అని చెప్పింది. విడుదల అంటే భూమి పోవడం, తెగగా గుర్తింపు పోవడం. దాని మీద కొట్లాడిన తన సొంత తాత ప్యాట్రిక్ గోర్నో బతుకును తీసుకుని ఆమె ఈ నవల రాసింది. నవల్లో ఆయన పేరు థామస్. రాత్రిపూట ఫ్యాక్టరీకి కాపలా ఉంటాడు, కూర్చుని అధికారులకు ఉత్తరాలు రాస్తాడు. ఆ రాత్రుల్లో ఒక పిల్లోడు వస్తాడు. పేరు రోడెరిక్. తెల్లోళ్లు పెట్టిన హాస్టల్ బడిలో థామస్‌తో పాటు చదివినోడు. శిక్షగా నేలమాళిగలో పెడితే జబ్బుపడి చనిపోయినోడు.

ఆ పిల్లోడు భయపెట్టడు. రక్తం తాగడు. పాత స్నేహితుడు వచ్చి కూర్చున్నట్టు కూర్చుంటాడు. హాస్టల్లో జ్వరంతో పోయిన పిల్లల వార్తలు పేపర్లో చదివే మనకి ఆ పిల్లోడు ఎవరో ఒకరు చెప్పాల్నా?

ఆ పేజీల దగ్గర నాకు మా అవ్వ చెప్పిన ఒక సంగతి గుర్తొచ్చింది.

మా అవ్వ వాళ్ల నాయన పేరు పోలీసు రిజిస్టర్‌లో ఉండేది. నేరం చేసి కాదు, ఎరుకలోడిగా పుట్టి. 1871లో బ్రిటిషోళ్లు తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాజ్యానికి కూడా తెచ్చారు. మన ఎరుకలోళ్లను అందులో వేశారు. అంతకుముందు మనవాళ్లు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తాకు, సీమకు మధ్య తిరిగి బతికినోళ్లు. రైలు వచ్చింది, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ బేరం పోయింది. బేరం పోయినా తిరిగే అలవాటు పోలేదు కాబట్టి దొంగలన్నారు. రిజిస్టర్‌లో ఎక్కినోడు చెప్పిన వేళకు పోయి హాజరు చెప్పాలి. రాత్రిళ్లు కూడా. ఊరు దాటాలంటే చెప్పి పోవాలి. మద్రాసులో 1947లో, దేశమంతా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. చట్టం పోయినా పిలుపులు పోలేదు.

ఆయన ఆ రోజుల్లోనే పోయాడు. పోయినాక చాలా నాళ్లు, రాత్రి హాజరు వేళకు గుడిసె బయట అడుగుల చప్పుడు వినపడేదంట. ముత్తవ్వ పిల్లల్ని దగ్గరికి లాక్కుని, "లేచి పోతాండాడు, పోనీండి. పోకపోతే కొడతారు" అనేదంట.

ఇది మా అవ్వ నాకు ఒకే ఒక్కసారి చెప్పింది. నేను అప్పుడు బీఎస్సీ రెండో సంవత్సరం. నవ్వినా. "అవ్వా, దెయ్యాలకు కూడా డ్యూటీ ఉంటాదా?" అన్నా. అవ్వ కూడా నవ్వింది. మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. 2022లో పోయింది.

చచ్చినాక కూడా హాజరుకు లేచిపోయే మనిషి. ఆ చట్టం మన మీద ఏం చేసిందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద రుజువు ఏ రిపోర్టులో దొరుకుతుంది? నేను రిపోర్టులు కూడా చదివినా. తేదీలున్నాయి, సెక్షన్లున్నాయి. ముత్తవ్వ గొంతులో వణుకు లేదు. దాన్ని నవల మాత్రమే పట్టుకోగలదు. అందుకే ఈ నవలల గురించి మీతో మాట్లాడాలనుకున్నా.

టోనీ మారిసన్ 'బిలవ్డ్' 1987లో రాసింది. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అనే నల్లజాతి బానిస తల్లి పిల్లలతో పారిపోయింది. పట్టుకోవడానికి మనుషులు వచ్చేసరికి, మళ్లీ బానిసత్వంలోకి పంపడం కంటే మేలని రెండేళ్ల కూతుర్ని తన చేత్తోనే చంపింది. నిజంగా జరిగింది ఇది. మారిసన్ దాని మీద కథ అల్లింది. ఆ చనిపోయిన బిడ్డ ఇంట్లో తిరుగుతుంటుంది, తర్వాత పెద్దదైన ఆడపిల్లగా గడప ముందుకు వస్తుంది. అమ్మ ప్రేమ మొత్తం తనకే కావాలంటుంది. మా జమ్మలమడుగు చెల్లెలు ఇది చెప్తూ చెప్తూ మధ్యలో ఆపేసింది. "అన్నా, ఈ ఇంట్లో దెయ్యం ఉందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. దెయ్యం లేని నల్లోళ్ల ఇల్లు లేదన్నట్టు మాట్లాడతారు" అంది.

జెస్మిన్ వార్డ్ రాసిన 'సింగ్, అన్‌బరీడ్, సింగ్' 2017లో వచ్చింది. మిసిసిపీలో ఒక కుటుంబం. పదమూడేళ్ల జోజో, వాళ్ల తాత. తాత చిన్నప్పుడు పార్చ్‌మన్ అనే జైలు పొలాల్లో ఉన్నాడు. అక్కడ రిచీ అనే పన్నెండేళ్ల పిల్లోడు కూడా ఖైదీ. తాత ఆ పిల్లోడి కథ జోజోకు ఎన్నోసార్లు చెప్తాడు, చివర మాత్రం చెప్పడు. ఏళ్ల తర్వాత రిచీ ఆత్మ జోజో వెంట ఇంటికి వస్తుంది. దానికి కావాల్సింది పగ కాదు. తను ఎట్ల చచ్చిపోయాడో తాత నోట వినాలి, అంతే. ఆ చివర ఏందంటే, గుంపు చేతిలో చిత్రహింసలు పడి చావకుండా తాతే ఆ పిల్లోడిని చంపాడు.

ఈ మూడు పుస్తకాలూ చదివినాక నాకు అర్థమైంది ఒకటే. ఇవి సోది చెప్పే పనే చేస్తున్నాయి. కుటుంబం మింగేసిన మాటను చనిపోయినోళ్ల నోట చెప్పిస్తున్నాయి. తేడా ఏమిటంటే, అక్కడ ఆ ఇంటి మనవరాళ్లే చెప్తున్నారు, వాళ్ల పెద్దల గురించే చెప్తున్నారు.

మరి మన తెలుగులో? మన అల్మారాలో దెయ్యం లేదా అంటే ఉంది. 1980లలో వారపత్రికల్లో క్షుద్రపూజల సీరియళ్లు ఊపేశాయి. యండమూరి 'తులసిదళం' మా అమ్మకు కథంతా నోటికొచ్చు. నేనూ రాత్రంతా కూర్చుని చదివినా, కాదనను. కానీ ఆ సీరియళ్లు, వాటి వెనక వచ్చిన సినిమాలు గుర్తుచేసుకోండి. పెద్ద బంగళా, మంచి కుటుంబం, ముద్దొచ్చే పాప. వాళ్ల మీదికి కీడు ఎక్కడి నుంచి వస్తుంది? మెడలో పూసలు, తలలో ఈకలు, చేతిలో ఎముక, అర్థం కాని భాష. అంటే మన నుంచి. వాళ్ల కుటుంబం మనిషి కుటుంబం, మనం దాని మీదికి వచ్చే దెయ్యం. థియేటర్లో మనం కూడా భయపడి అరిచాం.

ఇంకో పక్క మన జిల్లా సాహిత్యం ఉంది. దాన్ని చూస్తే నాకు గర్వమే. పులివెందుల పక్క పైడిపాలెంలో పుట్టిన రారా, అదే రాచమల్లు రామచంద్రారెడ్డి, 1968లో కడప నుంచి 'సంవేదన' పత్రిక తెచ్చాడు. విమర్శ అంటే మొహమాటం లేకుండా ఎట్ల ఉండాలో నేర్పాడు. కేతు విశ్వనాథరెడ్డి కథలకు 1996లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. కరువు, కక్షలు, అప్పులు, రైతు బతుకు ఈ జిల్లా కథలో ఉన్నంత నిక్కచ్చిగా ఎక్కడా ఉండవేమో. అయితే ఆ వాస్తవికత తూకంలో మా అవ్వ చెప్పిన అడుగుల చప్పుడు పెడితే? మూఢనమ్మకం అని పక్కన పెట్టేస్తారు. నేనే పెట్టేశాను కదా, బీఎస్సీ చదువుకున్నోడిని!

చూడండి మన పరిస్థితి. వారపత్రిక దగ్గరికి పోతే భయం అమ్ముకుంటుంది. గంభీరమైన పత్రిక దగ్గరికి పోతే నమ్మకం తప్పంటుంది. ఈ రెంటి మధ్య మన పోయినోళ్లకు కూర్చునే చోటు లేకుండా పోయింది. అందుకే నేనంటున్నా, ఎర్‌డ్రిక్, మారిసన్, వార్డ్ చూపించిన మూడో దారి మనకు కావాలి. దెయ్యం ఉందా లేదా అని ఆ నవలలు కొట్లాడవు. ఆ ఇంట్లోవాళ్లకు ఎందుకు కనపడుతోంది అని అడుగుతాయి.

నిరుడు ఒక ఆదివారం జమ్మలమడుగులో కలిసి, అక్కడి నుంచి గండికోటకు పోయాం. కోట మీద నుంచి పెన్నా లోయ చూసేదానికి వచ్చినోళ్లంతా సెల్ఫీలు తీసుకుంటున్నారు. మా చెల్లెలు నీళ్ల వైపు చెయ్యి చూపించి, "మా మేనత్తోళ్ల ఊరు ఆ పక్కే ఉండె" అంది. గండికోట రిజర్వాయర్ నీళ్లలో కొండాపురం మండలం ఊళ్లు మునిగాయి. తాళ్లప్రొద్దుటూరు 2020లో మునిగింది. ఇల్లుకు పరిహారం లెక్క కడతారు, తక్కువో ఎక్కువో. ఊరు మునిగితే శ్మశానం కూడా మునుగుతుంది కదా, తాత సమాధికి ఏ లెక్క కడతారు? వాళ్ల మేనత్త ఇప్పుడు పెద్దలకు పెట్టుకునే రోజున ఆకులో అన్నం తీసుకొచ్చి నీళ్ల అంచున పెట్టి పోతుందంట. "పిలిస్తే వినపడతాదో లేదో, ఇంత నీళ్లల్లో" అంటుందంట.

అటు పోలవరం కింద కోయవాళ్లు పెద్దల పేరున నిలబెట్టిన రాళ్ల సంగతి కూడా ఇదే. మనిషికి పునరావాస కాలనీ అంటారు. చనిపోయినోళ్లకు కాలనీ ఎక్కడ? ఈ ఒక్క ప్రశ్న చుట్టూ ఒక నవల ఉంది. అది రాయాల్సింది ఆ మేనత్త మనవరాలే.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు మా పులివెందుల తమ్ముడి మాట వినాలి. వాడి మాట చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే నేను అబద్ధం రాసినట్టే.

నేను ఇదంతా ఉత్సాహంగా చెప్తుంటే వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అన్నా, పుస్తకంలో దెయ్యం బాగానే ఉంటాది. మా తండాలో అదే దెయ్యం పేరు చెప్పి మా చిన్నవ్వను తరిమేసినారు" అన్నాడు. ఆమెకు మొగుడు లేడు, రెండెకరాలుంది. ఒకరింట్లో బిడ్డ చచ్చిపోతే ఈమె డాకణ్ అన్నారు. అంటే మంత్రగత్తె. ఆమె రాత్రికి రాత్రి కూతురి ఊరికి పోయింది, చచ్చేదాకా తిరిగి రాలేదు. ఆ రెండెకరాలు ఎవరు దున్నుతున్నారో వాడు చెప్పలేదు. మేము అడగలేదు.

చేతబడి, చిల్లంగి, బాణామతి. పేరు ఏదైనా, చచ్చేది మనోళ్లే, చంపేది మనోళ్లే. ఒంటరి ఆడమనిషి, ముసలోళ్లు, ఇంత భూమి ఉన్నోళ్లు. మన సంస్కృతి గొప్పది అని చెప్పుకునే తొందరలో దీన్ని దాచిపెట్టకూడదు.

దీని మీద కూడా ఒక ఆదివాసీ నవల ఉంది. సంతాల్ రచయిత హాంస్‌దా సౌవేంద్ర శేఖర్ 2014లో ప్రచురించిన 'ది మిస్టీరియస్ ఎయిల్‌మెంట్ ఆఫ్ రూపీ బాస్కే'. వరి నాటుతూ పొలంలోనే బిడ్డను కన్నంత గట్టి మనిషి రూపీ. అట్లాంటి మనిషి ఏ జబ్బో తెలియకుండా మంచాన పడుతుంది. మొగుడితో సంబంధం ఉన్న ఇంకో ఆడమనిషి చేసిన చేతబడి అని కథ నడుస్తుంది. 2015లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది దీనికి. భాష, ఇల్లు, పండగలు, తాగుడు, ఈర్ష్య, అన్నీ లోపలి మనిషి రాసినట్టే ఉంటాయి. ఆదివాసీ కుటుంబాన్ని దేవుడి పటంలాగా కాకుండా కుటుంబంలాగా చూపించిన ధైర్యం నాకు నచ్చింది. కానీ చదివినాక మా తమ్ముడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది: "నవల కూడా ఆ ఆడమనిషే చేసింది అని నమ్ముతాంది కదన్నా. మా చిన్నవ్వకు ఇందులో చోటు యాడుంది?"

ఆ ప్రశ్న మీద మేము మూడు ఆదివారాలు కొట్లాడుకున్నాం. అప్పుడు తేలింది మీకు చెప్తాను. కుటుంబం, దెయ్యం ఉన్న నవల ఏది చదివినా ఒకటి చూడండి: అందులో వేలు ఎవరి వైపు చూపిస్తున్నారు? రోడెరిక్ వేలు హాస్టల్ బడి వైపు ఉంది. రిచీ వేలు జైలు వైపు ఉంది. మా ముత్తాత అడుగులు స్టేషన్ వైపు పోతున్నాయి. అక్కడ చనిపోయినోళ్లు బలమున్నోడిని లెక్క అడుగుతున్నారు. చేతబడి మాటలో బతికున్నోళ్లు బలం లేని ఆడమనిషి మీద నేరం మోపుతున్నారు. చూడటానికి రెండూ ఒకటే నమ్మకంలాగా ఉంటాయి. చేసే పని వేరు. మొదటిదాన్ని రాద్దాం. రెండోదాన్ని తండాలో, కాలనీలో ఎదిరిద్దాం, ఎవరి మీదైనా ఆ మాట పడితే ఆ ఇంటి ముందు మనం నిలబడదాం. రెండు పనులూ ఒకే మనిషి చేయొచ్చు.

ఇంకొకటి ఉంది. చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది.

ఈ వ్యాసం రాస్తున్నా అని మా నాయనకు చెప్పినా. అవ్వ చెప్పిన అడుగుల సంగతి రాస్తానన్నా. మా నాయన చాలాసేపు బీడీ తాగి, "అది రాసుకో అబ్బీ, మిగతాది రాయొద్దు" అన్నాడు. మిగతాది ఏందని అడిగినా. ముత్తాతను ఆ చివరిసారి పట్టించింది పోలీసులు వెతికి కాదంట. సొంత తమ్ముడే చెప్పినాడంట, తన పేరు రిజిస్టర్‌లో నుంచి తీసేస్తారని ఆశపడి. తీసేశారో లేదో నాయనకు తెలియదు. ఆ తమ్ముడి మనవళ్లు మా వెనక వీధిలోనే ఉంటారు. పెళ్లిళ్లకు పిలుచుకుంటాం.

అవ్వ ఎందుకు ఒక్కసారే చెప్పి ఊరుకుందో అప్పుడు అర్థమైంది. జోజో వాళ్ల తాత కథ చివర చెప్పకపోవడానికి కారణం కూడా ఇట్లాంటిదే. దొరల చట్టం బయట నుంచి వచ్చింది, నిజమే. కానీ అది మన ఇళ్లలోకి వచ్చి అన్నకు తమ్ముడికి మధ్య కూర్చుంది. మన పోరాటం పాటల్లో మనం ఎప్పుడూ దెబ్బలు తిన్నోళ్లమే. నవల అట్ల ఒప్పుకోదు. బిడ్డను చంపిన తల్లిని, పిల్లోడిని చంపిన తాతను, అన్నను పట్టించిన తమ్ముడిని కూడా కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది, వాళ్లను ఆ పరిస్థితిలోకి నెట్టింది ఎవరో మర్చిపోకుండా. అందుకే ఉద్యమానికి పాటతో పాటు నవల కూడా కావాలంటున్నా.

వెనక వీధి అన్నోళ్లతో కూర్చుని మాట్లాడినాకే ఇది రాశాను. వాళ్లకు తెలుసంట. వాళ్ల తాత కూడా చివరి రోజుల్లో రాత్రిళ్లు నిద్రపోయేవాడు కాదంట. బయట ఎవరో నడుస్తున్నారు అనేవాడంట.

ఇప్పుడు మనోళ్లు రాస్తున్నారు, నాకు ఆశ ఉంది. పలమనేరు బాలాజీ 'ఏకలవ్య కాలనీ'లో ఎరుకలోళ్ల కథలు రాశాడు. రమేష్ కార్తీక్ నాయక్ తండా కథల పుస్తకం 'ఢావ్లో'కి 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. మైదానంలో ఉండే మనకు ఏజెన్సీ లేదు, కొండ లేదు, మన పేరున మ్యూజియం లేదు. మన పెద్దల గుర్తు ఉంది ముసలోళ్ల నోట్లోనే. కడప జిల్లా ఎరుకలోళ్ల మీద, యానాదుల మీద, సుగాలీల మీద మూడు తరాల కుటుంబ నవల ఇంకా రావాలి.

అది రేపే రాదు. ముందు వినాలి. ఈ నెల పెద్దోళ్లెవరి దగ్గరైనా కూర్చోండి, ఫోన్‌లో రికార్డు పెట్టండి, ఇంట్లో పోయినోళ్లు ఎవరైనా మళ్లీ వచ్చారా అని అడగండి. వాళ్లు చెప్పేటప్పుడు నిజమా అబద్ధమా అని తేల్చే పని పెట్టుకోవద్దు. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, ఎవరి భాషలో చెప్తే ఆ భాషలో. ఆ అడుగులు ఏ వైపు పోయాయో అడగండి.

నవ్వొద్దు. నేను ఒక్కసారి నవ్వినందుకు ఒక అవ్వ నోరు మూసుకుంది. మిగతాది చెప్పించుకునేదానికి ఇప్పుడు ఆమె లేదు.

జోహార్.